వంతు కోసం ఆగిన థీసిస్

కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఏ ఏడాది ఏ స్కేలు వచ్చిందో, ఎప్పుడు ఏ హోదా ఇచ్చారో ఇక్కడ రాయను. అవి నాకే గుర్తులేవు, మీకెందుకు? కొత్తగా లెక్చరర్లుగా చేరి, ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ పూర్తిచేయాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "థీసిస్ రాయడం అయిపోయిందండీ, ఇంక ఫార్మాలిటీసే మిగిలాయి" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రాయడం మన చేతిలో పని. రాసిన తర్వాత జరిగేదంతా ఇతరుల చేతిలో పని. గైడు సంతకం పెట్టాలి, పరీక్షకులు చదివి రిపోర్టులు పంపాలి, చివరికి వాళ్ళ ఎదుట మౌఖిక పరీక్ష, అదే వైవా, జరగాలి. మనిషి నలిగిపోయేది అక్కడే.

నా దగ్గర పరిశోధన చేసినవాళ్ళలో ఆఖర్న చేరినవాడు అందరికంటే ముందు డిగ్రీ పట్టుకెళ్ళిన సందర్భాలు ఉన్నాయి. అందుకు నన్ను తిట్టుకున్న సీనియర్లూ ఉన్నారు. తిట్టుకుంటే తిట్టుకోనీ అని ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బందరులో మా పని

పంతొమ్మిది వందల యాభైల చివర్లో బందరులో ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. పేరు గొప్పగానే ఉంటుంది గానీ, పిల్లలకి మైక్రోస్కోపు సరిచేసి చూపించడం, వాళ్ళు పగలగొట్టిన అద్దపు పలకలు ఏరడం, ఎండబెట్టిన మొక్కలకి పురుగు పట్టకుండా మందు పూయడం, ఇదీ పని. బందరు గాలిలో ఉప్పూ తేమా ఎప్పుడూ ఉంటాయి. మొక్కని పాత పేపర్ల మధ్య పెట్టి అదిమితే, రోజూ పేపర్లు మార్చకపోతే వారం తిరిగేసరికి బూజు పట్టేది. సెలవల్లో ఊరికి వెళ్ళామంటే సంవత్సరం పని పోయినట్టే. అందుకే మేము సెలవల్లో కూడా వెళ్ళేవాళ్ళం కాదు.

మా శాఖాధిపతి డాక్టర్ విశ్వనాథం గారు. మేమంతా మాస్టారు అనేవాళ్ళం. మా ప్రాంతంలో పీహెచ్‌డీ చేయించడానికి యూనివర్సిటీ అనుమతి ఉన్న కొద్దిమందిలో ఆయనొకరు. ఆయన దగ్గర అప్పటికి ముగ్గురం ఉన్నాం. అందరికంటే పాతవారు శేషగిరిరావు గారు. ఆయన అప్పటికే గుడివాడలో లెక్చరరు. వరి చేలల్లో కలుపు మొక్కల మీద పనిచేస్తున్నారు. రెండోవాడు నాంచారయ్య, నాలాగే డిమాన్‌స్ట్రేటరు. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉండే మడ అడవులు అతని విషయం. మూడోవాణ్ణి నేను. గుడివాడ, ముదినేపల్లి చుట్టుపక్కల కాలవల్లో, చెరువుల్లో నాచు ఏరుకుంటూ తిరిగేవాణ్ణి.

మాస్టారి గురించి ముందే ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఆయన మాచేత కూరలు తెప్పించుకోలేదు, పిల్లలకి ట్యూషన్లు చెప్పించుకోలేదు. మేము చేసిన పనికి తన పేరు తగిలించుకోలేదు. రాసిన ప్రతి వాక్యం చదివేవారు, ఎర్రసిరాతో దిద్దేవారు, నాలుగోసారి కూడా విసుక్కోకుండా దిద్దేవారు. అలాంటి గైడు దొరకడం ఈ రోజుల్లోనూ అదృష్టమే. ఆయనకి ఉన్నది ఒకే ఒక పట్టుదల. ముందు చేరినవాడు ముందు థీసిస్ ఇవ్వాలి. వెనక చేరినవాడు ఎంత చురుగ్గా పనిచేసినా, ముందువాడిది యూనివర్సిటీకి వెళ్ళేదాకా ఆగాలి. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. మా శాఖలో ఆచారం, అంతే.

నాంచారయ్య

నాంచారయ్యది దివిసీమలో నాగాయలంక దాటి లోపలికి వెళ్తే ఒక చిన్న ఊరు. తండ్రి కోటయ్య గారికి పడవ ఉండేది. నాంచారయ్య చిన్నప్పుడు ఆ పడవ మీదే మడ అడవుల్లోకి వెళ్ళి కట్టెలు తెచ్చినవాడు. ఎమ్మెస్సీ చదివిన తర్వాత అదే పడవ ఎక్కి అవే చెట్లని పరిశోధించాడు. తెల్లమడ, నల్లమడ, పాలు కంట్లో పడితే చూపు పోగొట్టే తిల్ల చెట్టు, అన్నీ మోకాలు దాటిన బురదలో నిలబడి బొమ్మలు గీశాడు. నా వరస ఏమిటో తెలియకుండానే మొదటి రోజునుంచి నన్ను బావా అన్నాడు.

నేను నాచుకి పేర్లు వెతుక్కునే దశలో ఉండగానే అతని థీసిస్ టైపు కూడా అయిపోయింది. కార్బన్ కాపీలతో సహా ట్రంకుపెట్టెలో పెట్టి, పైన నాఫ్తలీన్ ఉండలు వేశాడు. ఆ పెట్టె అలా మూడు వర్షాకాలాలు ఉంది. వాన తెరిపిచ్చినప్పుడల్లా తాళం తీసి, కాగితాలు మడతమంచం మీద పరిచి ఎండబెట్టి, మళ్ళీ సర్దేవాడు. శేషగిరిరావు గారిది ఇంకా రాలేదు మరి.

రెండో వర్షాకాలంలోనే నాంచారయ్యకి ఆయాసం మొదలైంది. మేడ మీది లేబరేటరీకి మెట్లెక్కి వచ్చి కాసేపు మాట్లాడలేకపోయేవాడు. నేనే బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం గుండె కవాటాన్ని పాడుచేసిందన్నారు. ఆపరేషన్లు ఎక్కడో పెద్ద ఊళ్ళలో అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులు. డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "బరువు పనులు వద్దనండి. ఎన్నాళ్ళని నన్నడక్కండి" అన్నారు. నాంచారయ్యకి విడిగా చెప్పనక్కర్లేకపోయింది. నా మొహం చూసి గ్రహించేశాడు.

ఇంటికి నడుస్తుంటే అన్నాడు: "జీతం పెరుగుతుందని కాదు బావా. మా నాన్న ఊళ్ళో అందరితో మావాడు డాక్టరు చదువుతున్నాడని చెప్పుకున్నాడు. చదవడం అయిపోయి ఎన్నాళ్ళయింది! ఇంకా చదువుతూనే ఉన్నాడంటే మొద్దు అనుకుంటున్నారంట. నేను ఉండగా ఆ డిగ్రీ ఒకటి వచ్చేస్తే ఆయన మాట నిలబడుద్ది."

అతను కోరింది అంతే. అంతకంటే పెద్ద కోరిక ఉండి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

మొదటి అధ్యాయం

మాస్టారు ఆచారం తప్పరు. కాబట్టి శేషగిరిరావు గారే పక్కకి తప్పుకోవాలి. ఇద్దరం ఒక ఆదివారం గుడివాడ వెళ్ళాం. పామర్రులో బస్సు మారేటప్పుడు నాంచారయ్య జేబురుమాలు పరుచుకుని నేలమీద కూర్చున్నాడు. నిలబడే ఓపిక లేదు.

శేషగిరిరావు గారు మమ్మల్ని చూసి నిజంగానే సంతోషించారు. ఇంటినిండా కలుపు మొక్కల కట్టలు. బల్లమీద థీసిస్ కాగితాలు. ఏ పేజీ చూసినా కొట్టివేతలే.

"అంతా అయిపోయిందోయ్, మొదటి అధ్యాయమే కుదరడం లేదు" అన్నారు.

"పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ చూస్తున్నానండీ, ఆ మొదటి అధ్యాయమే రాస్తున్నారు" అంది వాళ్ళావిడ లోపల్నుంచి కాఫీ తెస్తూ.

ఆయన నవ్వలేదు. "నీకేం తెలుసు? ఒక్క తప్పు దొర్లిందంటే పరీక్షకుడు థీసిస్ మొహాన కొడతాడు. ఆ తర్వాత కాలేజీలో తలెత్తుకోగలనా?"

విషయం చెప్పాను. నాంచారయ్య జబ్బు కూడా చెప్పాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాంచారయ్య చెయ్యి పట్టుకుని, "నాకేం అభ్యంతరం నాయనా? నువ్వే ముందు ఇవ్వు. మాస్టారితో నేను చెప్తాను" అన్నారు. మేము మనసు తేలికపడి బందరు తిరిగి వచ్చాం.

ఆయన చెప్పారు. మర్నాడు పొద్దున మొదటి బస్సుకే బందరు వచ్చి, మాస్టారి ఇంట్లో కూర్చుని, జూనియర్లు వచ్చి తనని తప్పుకోమంటున్నారని, ఇంక తను బతికి ఏం లాభమని ఏడ్చారట. మాస్టారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"నువ్వు చేసిన పని ఏమిటో తెలుసా?" అన్నారు. "నేను ఇదివరకు ఇంకో ఊళ్ళో ఉన్నప్పుడు ఒకసారి వరస తప్పించాను. వెనకవాడు తెలివైనవాడు, వాడిదే ముందు పంపాను. వాడికి డిగ్రీ వచ్చిన వారంలోనే ముందువాడు కాలవలో తేలాడు. జారిపడ్డాడన్నారు కొందరు. ఈత వచ్చినవాడు. వాళ్ళమ్మ వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. ఏమీ అనలేదు, అలా కూర్చుంది. నన్ను మళ్ళీ అలాంటి తల్లి ముందు నిలబడమంటావా?"

నేను నోరు మూసుకోలేదు. "నాంచారయ్య ఆగలేడు మాస్టారూ" అన్నాను. డాక్టరుగారు చెప్పింది చెప్పాను.

"డాక్టర్లు అలాగే భయపెడతారు. కుర్రవాడు, తట్టుకుంటాడు" అన్నారు. అలా అంటూ నా వంక చూడలేదు.

ఆ తర్వాత చాలామంది గైడుల కింద, వాళ్ళ పక్కన పనిచేశాను. మా మాస్టారికంటే స్వార్థపరుల్ని చూశాను. వాళ్ళవల్ల జరిగిన నష్టం తక్కువ. ఎందుకంటే స్వార్థపరుణ్ణి ఎలాగో ఒప్పించవచ్చు, అతనికి కావలసింది ఏదో ఒకటి ఉంటుంది. మాస్టారికి మానుంచి ఏమీ అక్కర్లేదు. ఒక చావు చూసి, ఇంకో చావు రాకూడదని ఒక నియమం పెట్టుకున్నారు. ఆ నియమమే కళ్ళెదుట ఇంకో మనిషిని తీసేస్తుంటే ఆయనకి కనబడలేదు. మీరు గైడులైన తర్వాత ఇలాంటి నియమాలు మీకూ పుడతాయి. పుట్టినప్పుడు వాటికి మంచి కారణమే ఉంటుంది. దాన్ని చూసే మోసపోతారు.

శేషగిరిరావు గారిమీద నాకు కోపం ఉండేది. ఇప్పుడూ ఉంది. థీసిస్ బాగా రావాలని ఆయన ఆపలేదు. ఇస్తే ఎవరో చదువుతారని ఆపారు.

ప్రాక్టికల్ క్లాసు

మళ్ళీ వానలు పట్టాయి. ఒకరోజు నాంచారయ్య పిల్లలకి ఆకు అడ్డకోత ఎలా తీయాలో చూపిస్తున్నాడు. బ్లేడు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. బల్ల పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. పెదవులు నీలంగా అయిపోయాయి. పిల్లలు కేకలు పెట్టారు. పక్కగదిలోంచి మాస్టారు పరుగెత్తుకొచ్చి, తలని తన ఒళ్ళో పెట్టుకున్నారు. అంతసేపూ ఆ చొక్కా కింద గుండె కొట్టుకునే తీరు ఆయన చేతికి తెలుస్తూనే ఉండాలి. ఆ రోజు ఆయన పాఠం చెప్పలేదు.

ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని గుడివాడ వెళ్ళారు. శేషగిరిరావు గారి బల్లమీది కాగితాలన్నీ ఒక దొంతి చేశారు.

"మాస్టారూ, మొదటి అధ్యాయం ఇంకా..."

"అయిపోయింది శేషగిరీ."

"లేదండీ, రెండు పేరాలు..."

"అయిపోయిందన్నాను."

బట్టలు ఆరేసుకునే తాడు కోసి దానితో కట్ట కట్టారు. గైడుగా తను ఇవ్వాల్సిన సర్టిఫికెట్ మీద అక్కడే సంతకం చేశారు. వాళ్ళావిడ తలుపు చాటున నిలబడి దణ్ణం పెట్టింది. శేషగిరిరావు గారు మాత్రం ఎవరో తన పిల్లని ఎత్తుకుపోతున్నట్టు గుమ్మందాకా వెంటబడి వచ్చారు.

టైపు చేయించి, బైండు చేయించి పంపేసరికి మరికొంతకాలం పట్టింది. నాంచారయ్యది అప్పటికే సిద్ధంగా ఉంది కదా, రెండూ ఒకేరోజు పంపేద్దామన్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. శేషగిరిది చేరినట్టు యూనివర్సిటీ నుంచి రసీదు వచ్చిన తర్వాతే నాంచారయ్య కాగితాల మీద సంతకం పెట్టారు. అంత చూసిన తర్వాత కూడా వరస వరసే. ఆ రోజు నేను ఆయనతో మాట్లాడలేదు.

శేషగిరిరావు గారి థీసిస్ ఒక్క దిద్దుబాటు కూడా లేకుండా ఒప్పుకున్నారు. మొదటి అధ్యాయం చాలా బాగుందని ఒక పరీక్షకుడు ప్రత్యేకంగా రాశాడు. దీన్ని చదివే పిల్లలు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించుకోవాలి.

ఓడలో వెళ్ళిన కాపీ

ఆ రోజుల్లో థీసిస్‌కి ముగ్గురు పరీక్షకులు. ఇద్దరు మన దేశంలో, ఒకరు విదేశంలో. విదేశానికి వెళ్ళే కాపీ ఓడలో వెళ్ళేది. అది చేరాలి, ఆయన ఊళ్ళో ఉండాలి, ఆయనకి తీరాలి, చదవాలి, రిపోర్టు రాయాలి, అది తిరిగి రావాలి. నాంచారయ్య థీసిస్‌కి మన దేశంలోని ఇద్దరి రిపోర్టులూ మెచ్చుకుంటూ వచ్చేశాయి. మూడోది రాదు. మాస్టారు వారం వారం యూనివర్సిటీకి ఉత్తరం రాసేవారు. తంతి కూడా ఇచ్చారు. అప్పుడు ఆయన పడ్డ ఆరాటం చూస్తే, ట్రంకుపెట్టెలో వృథా అయిన కాలాన్ని ఒంటిచేత్తో వెనక్కి లాగాలని చూస్తున్నట్టు ఉండేది.

ఈలోగా నాంచారయ్య ఉద్యోగానికి సెలవు పెట్టి ఊరికి వెళ్ళిపోయాడు. చివరికి మూడో రిపోర్టు వచ్చింది. అదీ బాగుంది. ఇక వైవా ఒక్కటే. అది యూనివర్సిటీలో జరగాలి. కానీ మాస్టారు స్వయంగా వెళ్ళి, మనిషి ప్రయాణం చేయలేడని బతిమాలి, బందరులోనే జరపడానికి అనుమతి తెచ్చారు. బయటి పరీక్షకుడు మన దగ్గరికే రావడానికి ఒప్పుకున్నాడు. తేదీ కూడా ఖాయమైంది. ఆ కబురు చెప్పడానికి నన్ను పంపారు.

మోపిదేవి మీదుగా అవనిగడ్డకి, అక్కణ్ణుంచి నాగాయలంకకి, ఆపైన కోటయ్య గారి పడవలో వెళ్ళాను. నాంచారయ్య మంచం మీద ధాన్యపు బస్తాకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. కాళ్ళు నీరుపట్టి ఉబ్బాయి. తేదీ చెప్పగానే మొహం కడుక్కుంటానని నీళ్ళు అడిగాడు.

"నన్ను కొంచెం అడుగు బావా. చాన్నాళ్ళయింది, మర్చిపోయానేమో" అన్నాడు.

అడిగాను. మడచెట్టు వేళ్ళు బురదలోంచి పైకి ఎందుకు పొడుచుకొస్తాయన్నాను. చెట్టుమీద ఉండగానే గింజ ఎందుకు మొలుస్తుందన్నాను. నీ లెక్క ఎందుకు నమ్మాలి అని, పరీక్షకులు అడిగినట్టే పెడసరంగా కూడా అడిగాను. ఒక్కొక్క ముక్కకీ ఊపిరి తీసుకుంటూ, ఇంగ్లీషులోనే చెప్పాడు. ఒక్కటీ తప్పు పోలేదు. కోటయ్య గారు గుమ్మంలో నిలబడి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. ఆయనకి ఒక్క మాట అర్థం కాలేదు.

"అంతా సరిగ్గా చెప్పాడాండీ?" అన్నారు నన్ను పడవ దగ్గర దింపుతూ.

"నాకంటే బాగా చెప్పాడండీ" అన్నాను.

కార్డు

వైవా తేదీ ఇంకా కొద్దిరోజులు ఉందనగా నాంచారయ్య పోయాడు.

మాస్టారు ఆ రోజే మళ్ళీ యూనివర్సిటీకి బయలుదేరారు. ముగ్గురూ ఒప్పుకున్నారు, వైవా నామమాత్రం, డిగ్రీ ఇచ్చేయండి అని అడిగారు. రూల్సు ఒప్పుకోవన్నారు. వైవా లేకపోతే డిగ్రీ లేదు. ఆయన తిరిగి వచ్చి గదిలో కూర్చున్న మర్నాడే కోటయ్య గారు కాలేజీకి వచ్చారు.

మాస్టారు ఎవరు వచ్చినా కుర్చీలోంచి లేచే మనిషి కాదు. ఆ రోజు లేచారు. కూర్చోమంటే కోటయ్య గారు కూర్చోలేదు.

"పెద్దదినానికి కార్డులు అచ్చేయించడానికి బందరొచ్చానండీ. ప్రెస్సాయన పేరెలా వెయ్యమంటారన్నాడు. మిమ్మల్నడిగి చెప్తానన్నాను. డాక్టరు నాంచారయ్య అని వెయ్యొచ్చాండీ?"

అవునంటే ఏం పోయింది? దివిసీమలో ఒక మూల ఊళ్ళో పంచే కార్డు. ఏ యూనివర్సిటీ చూసి అడుగుతుంది? ఒక్క మాట అనండి మాస్టారూ అని నేను లోపల్లోపల బతిమాలుకున్నాను.

"వైవా జరగలేదండీ" అన్నారు మాస్టారు. "జరక్కుండా ఆ మాట వెయ్యకూడదండీ."

కోటయ్య గారికి కోపం రాలేదు. "అంతేలెండి. తమరు కూడదంటే కూడదు" అని దణ్ణం పెట్టి వెనక్కి తిరిగారు. గుమ్మం దగ్గర ఆగారు.

"వాడితో మాత్రం అయిపోయిందని చెప్పేశానండీ. ఆ పొద్దున కళ్ళు తెరిచి, అడగాల్సినాయన వచ్చాడా నాన్నా అన్నాడు. తెలివిలో లేడు. వచ్చాడురా, అడిగాడు, అన్నీ చెప్పావు, అన్నాను. మాస్టారు ఏమన్నారు అన్నాడు. మాస్టారు కూడా ఉన్నారురా, ఇకనుంచి నువ్వు డాక్టరువి అన్నారు అని చెప్పానండీ. తమరి పేరుమీద అబద్ధమాడాను. తప్పైతే క్షమించాలి."

మాస్టారు బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

కోటయ్య గారిని ప్రెస్సుకి నేనే తీసుకెళ్ళాను. కార్డులో వెయ్యాల్సింది కాగితం మీద రాసి ప్రెస్సాయనకి ఇవ్వబోతుంటే, కోటయ్య గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయనకి చదవడం రాదు. కాగితం వంక ఒకసారి చూసి, "ఇందులో డాక్టరని లేదు కదండీ? మాస్టారు వద్దన్నారు" అన్నారు.

"లేదండీ" అన్నాను.